రెండో బ్యాటరీ

ఆళ్లగడ్డ,
ఆగస్టు 19.

నంద్యాల ఉషశ్రీ గారికి,

కొత్తగా ఈ గారు ఏమిటని ఆశ్చర్యపోవద్దు. నిన్న సాయంత్రం నుంచి మీరు నాకు గారు అయ్యారు.

మా ఆయన నాలుగు రోడ్ల దగ్గర టీ తాగుతుంటే మీ జీపు అహోబిలం దారి పట్టిందట. ఇంటికొచ్చి చెప్పాడు. "మీ ఉష బండి తోలుకుంటా పోతాండాది. పక్క సీట్లో మన మేడ మీద ఉన్యాది చూడు, ఆ నర్సు వినీత, ఆయమ్మ కూసోనుంది. వెనకాల తెల్లగా చిన్న ఇనప్పెట్టె మాదిరి ఏందో పెట్టుకోని, వైర్లు ఏలాడేసుకోని పోయినారు." ఆమె కాదులే, ఎవరో అయ్యుంటారు అన్నాను. "బండి నెంబరు నాకు తెలీదా?" అన్నాడు. ఆ మనిషికి మా పెళ్ళి రోజు గుర్తుండదు. నీ బండి నెంబరు మాత్రం గుర్తుంది.

మా ఇల్లు రోడ్డుకు ఎంత దూరమో నీకు తెలుసు. హారన్ కొడితే వంటింట్లోకి వినబడుతుంది. ఆ సమయానికి నేను వంటింట్లోనే ఉన్నాను. ఏ హారనూ వినలేదు.

వినీతను నీకు పరిచయం చేసింది ఎవరు? మే నెలలో ఆమెకు నంద్యాల ఆసుపత్రికి మారాల్సి వస్తే, ఒంటరి పిల్ల, కొత్త ఊరు, కాస్త చూసుకో అని నీ నెంబరు ఇచ్చింది నేను. చూసుకోమన్నాను గానీ వెంటేసుకొని తిరగమనలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అనలేదు.

పోయింది ఇంకెక్కడికైనా అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. అహోబిలం. పదో తరగతిలో ఎక్స్‌కర్షన్‌కు పోయినప్పుడు నీకు జ్వరం వచ్చింది. అందరూ కొండ ఎక్కారు. నేను సత్రంలో కూర్చొని నీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఉన్నాను. "మే హేమా, పెద్దయినాక మనిద్దరమే వచ్చి ఈ అడివి పక్కనే ఒక రాత్రి పండుకుందాం, పొద్దున్నే కొండెక్కుదాం" అని నువ్వే అన్నావు. నువ్వు జ్వరంలో అన్నావు, నిజమే. నేను మాత్రం జ్వరం లేకుండానే విన్నాను.

ఇదంతా ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నేను అరుస్తాను. మా అత్త వింటుంది, ఆ తర్వాత వీధి వింటుంది. మనకు క్యారియరే మేలు. అరుణకుమారి టీచరు రోజూ మీ ఊరి నుంచి మా ఊరి బడికి వచ్చిపోతున్నంత కాలం నా కోపం భద్రంగా నీకు చేరుతుంది.

పైగిన్నెలో శనక్కాయల పొడి, కింది గిన్నెలో గడ్డపెరుగు. కోపం కోపమే, పెరుగు పెరుగే. అన్నట్టు, జూన్‌లో పంపిన క్యారియర్ అడుగు గిన్నె నువ్వు ఇంకా తిరిగి పంపలేదు. అప్పటి నుంచి ఇది రెండు గిన్నెలతోనే తిరుగుతోంది. పాత గిన్నే, అందులో పెద్దగా ఏమీ ఉండి ఉండదు. కనబడితే పంపు, లేకపోతే పోనీ.

హేమలత


నంద్యాల,
ఆగస్టు 27.

ఓసి హేమా,

నీ గారు చదివి మొదట నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

సురేష్ అన్న చూసింది నిజమే. ఆ తెల్ల పెట్టె ఫ్రిజ్జు. బండిలో పెట్టుకొని పోయేది. ఎక్కడ గుడారం వేసుకుంటే అక్కడ పెట్టుకోవచ్చు. అమ్మినవాడు "బండి లైటర్ బొక్కలో ప్లగ్గు పెడితే సాలు మేడం, రాత్రంతా సల్లగా ఉంటాది" అన్నాడు. ఫ్రిజ్జు గురించి నిజమే చెప్పాడు. బండి గురించి ఏమీ చెప్పలేదు.

దిగువ అహోబిలం చేరకముందే మాకు తెలిసినవాళ్ళ మామిడితోట ఉంది. అక్కడ గుడారం వేశాం. రాత్రి ఇంజను ఆపేసి, ఫ్రిజ్జు ప్లగ్గు మాత్రం అలాగే ఉంచాం. తెల్లవారి తాళం తిప్పితే బండి టిక్కుమని ఊరుకుంది. రాత్రంతా ఫ్రిజ్జు బ్యాటరీని తాగేసింది. తోట కాపలా పుల్లయ్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏందమ్మా, పెట్టెకు సలి పెట్టి బండి పానం తీసినారే" అన్నాడు. ట్రాక్టరుతో లాగిస్తే గానీ ఇంటికి రాలేకపోయాం.

మా ఆయన ఒక పూటంతా నన్ను ఏడిపించాడు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. బండిలో ఉండే బ్యాటరీ తాళం తిప్పినప్పుడు ఒక్కసారి గట్టిగా తోయడానికి పుట్టిందట. రాత్రంతా కొంచెం కొంచెంగా ఇమ్మంటే దానికి చేతకాదు. ఇంట్లో ఇన్వర్టరుకు ఉన్నట్టు ఇంకో బ్యాటరీ ఫ్రిజ్జు కోసమే పెట్టాలి. ఇంజను నడుస్తున్నంతసేపు రెండూ నిండుతాయి. ఇంజను ఆగగానే మధ్యలో ఉన్న చిన్న డబ్బా రెండింటినీ విడదీస్తుంది. ఇక ఫ్రిజ్జు ఎంత తాగినా రెండోదాన్నే తాగాలి, మొదటిదాని జోలికి పోలేదు. ఆ పని చేయిస్తున్నాను. వెనక సీటు కింద చెక్కపెట్టెలో రెండో బ్యాటరీ కూర్చుంటుంది.

వినీత మాత్రం భలే పిల్ల. రాత్రి గంట గంటకూ లేచి, పెట్టెలో చల్లదనం ఎంతుందో చూసి రాసుకుంది. ఆమె లేకపోతే నాకు ఈ పని అయ్యేది కాదు.

ఎందుకు ఆగలేదంటే, చీకటి పడేలోపు తోటకు చేరాలని. అంతే.

అడుగు గిన్నె వెతుకుతాను. మా ఇంట్లో గిన్నెలు ఎక్కువ, వాటిని సర్దే బుద్ధి తక్కువ. జూన్‌లో అందులో ఏం పెట్టి పంపావో గుర్తుందా? గుర్తుంటే రాయి. వెతకడానికి వీలుగా ఉంటుంది.

కారప్పూస, చెక్కలు పంపుతున్నాను. మళ్ళీ అడుగుతున్నా, నువ్వూ రావచ్చు కదా? శ్రీశైలం అంటే రానన్నావు, గండికోట అంటే రానన్నావు. ఎందుకు రావో ఒక్కసారీ చెప్పలేదు.

నీ ఉష


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 11.

ఉషశ్రీకి,

బ్యాటరీ పాఠం అర్థమైంది. బండి కదలాలంటే ఒకటి, షోకులకు ఇంకొకటి. మొదటిది పాతది, బరువు తోసి తోసి అలిసిపోయింది. రెండోది కొత్తది, రాత్రంతా మేలుకొని సేవ చేస్తుంది. వీటిలో నేను ఏ బ్యాటరీనో కూడా మీ ఆయనతో బొమ్మ గీయించి పంపు.

గంట గంటకూ లేచిందా? మా మేడ మీద ఉన్న రెండేళ్ళూ ఆ పిల్లను పొద్దున లేపింది నేను. నా కాఫీ తాగితే గానీ కళ్ళు తెరిచేది కాదు. మా వసారాలో కూర్చొని నా కష్టం సుఖం అంతా వింది. ఇప్పుడు అవన్నీ గుడారంలో నీకు వినిపిస్తోందా? నా గురించి ఏమైనా చెప్పిందా? చెప్పి ఉంటే అన్నీ నమ్మొద్దు. నర్సులకు ప్రతిదీ పెద్దదిగానే కనబడుతుంది.

నువ్వు పిలిచావు, నేను రానన్నాను. అది నిజం. ఉన్నమాట రాస్తున్నాను, నవ్వితే నవ్వు. నేను రానంటే నువ్వూ పోవనుకున్నాను. హేమ లేకుండా నాకేం సరదా అని ఇంట్లో కూర్చుంటావనుకున్నాను. నువ్వు ఇంకో మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని పోయావు. అదీ మా ఊరి మీదుగా పోయావు.

నీకు సైకిల్ నేర్పింది ఎవరు? వెనక సీటు పట్టుకొని మీ వీధి చివరి దాకా పరుగెత్తింది ఎవరు? వదిలేస్తే పడిపోతానని ఏడ్చిన మనిషి యాభై దాటాక జీపు నడుపుతూ మా ఇంటి ముందు నుంచి పోతుంటే నాకు గర్వంగా ఉండాలి కదా. లేదు. కడుపు మండింది. ఆ మంటకు మజ్జిగ పనిచేయదు.

ఇంకో మాట. ఉత్తరం నిండా ఫ్రిజ్జు గురించే రాశావు. సత్రం గురించి, నువ్వన్న మాట గురించి ఒక్క ముక్క లేదు. పైగా కజ్జికాయలు పంపడం కూడా మానేశావు. ఇన్నేళ్ళుగా నీ కజ్జికాయలు లేకుండా క్యారియర్ వచ్చింది లేదు. ఈమధ్య అన్నీ కారాలే. నాకు ఇంత తీపి చేసి పెట్టడం కూడా బరువైందా?

గిన్నెలో ఏం పంపానో సరిగ్గా గుర్తులేదు. మజ్జిగ మిరపకాయలు అనుకుంటా.

ఆయుధపూజకు బండి వేసుకొని ఇక్కడికి రా. మా ట్రాక్టరు పక్కన నిలిపి దానికీ పూజ చేస్తాం. వినీతను తీసుకురావద్దని నేను రాయను. నీకే తెలియాలి.

హేమ


నంద్యాల,
అక్టోబరు 28.

హేమకు,

పండక్కి మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ నేను మళ్ళీ చిన్నపిల్లనయ్యాను. నువ్వు జడ వేశావు, మీ అత్త ఉమామహేశ్వరమ్మ గారు ఓళిగలు ఒత్తి ఒత్తి పెట్టారు. నువ్వు మాత్రం ఒక్క ఓళిగ ముట్టలేదు. మొక్కు ఉంది, తీపి మానేశానన్నావు. ఏ దేవుడికి అని అడిగితే లేచి పోయి పొయ్యి మీద ఏదో చూసి వచ్చావు. సరే, అది అలా ఉంచుదాం.

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను.

పోయిన వారం వినీతా నేనూ మళ్ళీ ఆ తోటకే పోయాం. రెండో బ్యాటరీ నిండుగా ఉంది. ఫ్రిజ్జును ఇంట్లోనే ముందు రోజు చల్లబరిచి పెట్టుకున్నాం. బండి నీడలో నిలిపాం. అన్నీ పద్ధతిగా చేశాం. అయినా కాసేపటికే ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెట్టెలో మోటారు లేవబోతుంది, వెంటనే పడిపోతుంది. కరెంటు చాలడం లేదని దాని గోల. బ్యాటరీ చూస్తే నిండుకుండ. ఇదేం మాయో అర్థం కాలేదు. తెల్లవారేసరికి పెట్టె లోపల మన వంటిల్లంత వెచ్చగా ఉంది.

నంద్యాలకు వచ్చి మెకానిక్కుకు చూపించాను. అతను బ్యాటరీ క్లిప్పు విప్పి, నా మొహం చూసి, "ఏమ్మా, బ్యాటరీకి పేరంటం సేసినారా?" అన్నాడు. క్లిప్పు లోపల, బ్యాటరీ సీసం మొనకూ దానికీ మధ్య, పసుపు ముద్ద ఎండి అట్ట కట్టింది. కుంకుమ కూడా ఉంది. కరెంటు వచ్చే దారికి అడ్డంగా గోడ కట్టినట్టే. చిన్న దీపానికైతే ఎలాగో సరిపోతుంది, మోటారు లేవాలంటే చాలదు.

పైన పూసిన పసుపు లోపలికి పోదట. ఎవరో పానాతో క్లిప్పు విప్పి, లోపల పూసి, మళ్ళీ బిగించారు. ఆ రోజు నా బండికి పూజ చేసింది నువ్వు ఒక్కదానివే. నేను లోపల మీ అత్తతో మాట్లాడుతున్నాను.

ఇది కావాలని చేసినట్టుంది అని వినీత అంది. హేమ అలాంటిది కాదు అన్నాను. అన్నాను గానీ, నీ సెప్టెంబరు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అందుకే అడుగుతున్నాను. నా మీద నీకు అంత కడుపుమంటా? ఆ పెట్టె ఆగిపోతే నాకు ఏం పోయిందో నీకు తెలియదు.

క్యారియర్‌లో పుట్నాల పొడి పెట్టాను.

ఉష


ఆళ్లగడ్డ,
నవంబరు 6.

ఉషశ్రీ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషిని కాను. పూసింది నేనే. మా ట్రాక్టరు డబ్బాలోంచి పానా తీసుకొని, నీ చెక్కపెట్టె మూత ఎత్తి, క్లిప్పు విప్పి, లోపల నిండా పూసి, బొట్టు పెట్టి బిగించాను.

మా ఇంట్లో పసుపు ఎలా పూస్తారో నీకు తెలియదు. గడప బిగించకముందు దాని అడుగున పూస్తారు. బోరుకు కొత్త మోటారు వస్తే మూత విప్పించి మరీ పూయిస్తుంది మా అత్త. పోయినేడు స్టార్టరు డబ్బా లోపల పూయబోతే మా ఆయన చెయ్యి పట్టుకొని ఆపాడు. "పైపైన పూస్తే అది సింగారం, లోపల పూస్తేనే రక్ష" అంటుంది ఆమె. ఈ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్ళయింది, నాకూ అదే పట్టుకుంది. ఆడవాళ్ళు ఇద్దరే అడవి పక్కన పడుకుంటున్నారు, పాములు, పందులు తిరిగే చోటు, ఆ బండికి రక్ష ఉండాలని పూశాను. ఇది సగం.

మిగతా సగం కూడా రాస్తాను, ఎలాగూ అడిగావు కదా. పూస్తున్నంతసేపు, ఈ పెట్టె ఒక్క రాత్రి కూడా నిలవకూడదు అనుకున్నాను. పసుపు పూస్తే కరెంటు ఆగుతుందని నాకు తెలియదు. తెలిసి ఉంటే పూసేదాన్నా అంటే, చెప్పలేను. నా చెయ్యి మీ క్షేమం కోరింది, నోట్లో ఉన్న మాట ఇంకోటి. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో నాకు తెలియదు, అయ్యాయి.

నాకు మండింది ఇది కాదు. కావాలని చేసిందని నిన్న మొన్న వచ్చిన పిల్ల అంది. ఆ మాటను నువ్వు నాలుగు రోజులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నావు. అక్కడే దులిపేసి ఉండాలి. నేనైతే దులిపేదాన్ని.

ఏం పోయిందో నాకు తెలియదంటావు. ఏం పోయింది? కూల్‌డ్రింకులు వేడెక్కాయా? ఐస్‌క్రీము కరిగిందా? పాలు విరిగితే చెప్పు, బిందెడు పంపుతాను.

మీ అమ్మ మనకు నేర్పింది, ఇచ్చినవాళ్ళ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని. చిటికెడు చక్కెరైనా వేసి పంపాలని. ఇన్నేళ్ళలో ఈ క్యారియర్ ఏ వైపు నుంచీ ఖాళీగా పోలేదు. ఈరోజు పోతోంది. ఉత్తరం తప్ప ఇంకేమీ పెట్టలేదు. నువ్వు కూడా ఇక పంపొద్దు.

హేమలత


నంద్యాల,
నవంబరు 15.

నా హేమా,

"ఏందిమ్మా, ఈ పొద్దు బరువే ల్యా" అంటూ ఇచ్చింది అరుణకుమారి టీచరు. విప్పి చూసి, మళ్ళీ మూత పెట్టి, గడప మీద అలాగే కూర్చున్నాను. నువ్వు రాసిన ఏ తిట్టూ నన్ను అంత కొట్టలేదు.

ఇక దాచను. జూన్‌లో వచ్చిన అడుగు గిన్నెలో మజ్జిగ మిరపకాయలు లేవు. ఇన్సులిన్ సీసా ఉంది, నీ పేరు రాసిన చీటీతో. ఫ్రిజ్జులో పడిపోకుండా నువ్వు గిన్నెలో పెట్టుకొని ఉంటావు. మీ అత్త పెరుగు గిన్నె అనుకొని క్యారియర్‌కు తగిలించి ఉంటుంది. ఎండలో బస్సులో వచ్చింది, నేనూ పెరుగే కదా అని సాయంత్రం దాకా వంటింటి గట్టు మీదే ఉంచాను.

సీసా పట్టుకొని వినీత గదికి పరుగెత్తాను. చూడగానే ఆమె మొహం మారిపోయింది. "నేను సెప్పకూడదక్కా. ఆయమ్మనే అడుగు" అంది. అంతకన్నా ఒక్క మాట రాబట్టలేకపోయాను. కానీ ఆమెకు తెలుసని అర్థమైంది.

కడుపుమంట నీకు ఒక్కదానికే ఉందనుకున్నావా? నీ ఒంట్లో చక్కెర ఉందని నాకు ఒక సీసా చెప్పింది. ఆమెకు నువ్వు చెప్పావు. సురేష్ అన్నకు తెలుసు, మీ అత్తకు తెలుసు, మేడ మీద అద్దెకున్న పిల్లకు తెలుసు. నాకు తెలియదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నువ్వే చెబుతావని జూలై అంతా ఎదురుచూశాను. ఏం పంపావో గుర్తుందా అని ఉత్తరంలో అడిగాను. తలుపు తీసి నిలబడ్డట్టే అడిగాను. నువ్వు మిరపకాయలు అన్నావు.

వినీతను వెంటేసుకొని తిరిగింది ఆమె మీద ప్రేమతో కాదు. నీ జబ్బు చెప్పుకోగలిగేంతగా ఆమెలో ఏముందో, నాలో లేనిది ఏముందో చూద్దామని. ఏమీ కనబడలేదు. మంచి పిల్ల, అంతే. అది ఇంకా మండింది.

ఇప్పుడు పెట్టె సంగతి. శ్రీశైలం వద్దన్నప్పుడు, గండికోట వద్దన్నప్పుడు నువ్వు నన్నే వద్దన్నావనుకున్నాను. సీసా చూశాక అర్థమైంది. ఆ ఎండల్లో మందు ఎక్కడ పెట్టుకుంటావు? ఐసు ముక్కల్లో పెడితే గడ్డ కడుతుంది, సంచిలో పెడితే వేడెక్కుతుంది. రెండూ కూడదట. అందుకే కొన్నాను ఆ ఫ్రిజ్జు. కూల్‌డ్రింకులు కాదు, ఐస్‌క్రీము కాదు. రెండు రాత్రులూ అందులో ఉన్నది పాడైపోయిన నీ సీసా, దాని పక్కన ఒక థర్మామీటర్. వినీత గంట గంటకూ లేచింది దాన్ని చూడడానికే. మీ ఇంటి ముందు హారన్ ఎందుకు కొట్టలేదంటే, నీ మొహం చూస్తే అడిగేస్తానని. నువ్వు చెప్పకుండా నేను అడగకూడదని పంతం. కొండ మాత్రం ఎక్కలేదు హేమా. రెండుసార్లు పోయాను, రెండుసార్లూ తోటలోంచే వెనక్కి వచ్చాను. నేను జ్వరంలో అన్న మాట నాకూ గుర్తుంది.

ఆ రాత్రి పెట్టె ఆగిపోతే నాకు పోయింది ధైర్యం. నీ మందు నా చేతుల్లో చెడిపోతే ఏమయ్యేదో అని తలుచుకొని, ఇక నిన్ను పిలవకూడదు అనుకున్నాను. ఆ భయంలో నీకు రాయకూడని మాట రాశాను. వినీత అన్నప్పుడే దులిపేయాల్సింది. నువ్వన్నది నిజం.

క్లిప్పు గీకించి శుభ్రం చేయించాను. ఆ తర్వాత బండి మా పెరట్లోనే నిలిపి మళ్ళీ చూశాను. ఒక్కసారి కూడా ఎర్ర దీపం వెలగలేదు. పెట్టె నిలిచింది.

నీ అడుగు గిన్నె పంపుతున్నాను. అందులో చింతకాయ తొక్కు ఉంది. తీపి పంపడం ఎందుకు మానేశానో ఇప్పుడు తెలిసింది కదా. పంపొద్దన్నావు, అయినా పంపుతున్నాను.

ఉష


ఆళ్లగడ్డ,
డిసెంబరు 2.

ఉషీ,

క్యారియర్‌కు మూడు గిన్నెలు చూసి మా అత్త, "యాడ దొరికింది ఇది?" అంది. నంద్యాలలో అన్నాను. సీసా తానే తగిలించి పంపిందని ఆమెకు ఇప్పటికీ తెలియదు, చెప్పొద్దు.

గిన్నె పోయిన రోజే అది నీ దగ్గరికి వచ్చిందని నాకు తెలుసు. వేరే చోటికి పోయే దారే లేదు. నువ్వు అడుగుతావని చూశాను. అడిగితే ఒక బాధ, అడగకపోతే ఇంకో బాధ. అడుగు గిన్నె పంపు అని రాసింది గిన్నె కోసం కాదు, నువ్వు ఏమంటావో చూద్దామని. తీరా నువ్వు అడిగేసరికి మిరపకాయలు అని రాశాను.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు చెబుతాను. మనిద్దరిలో జ్వరం ఎప్పుడూ నీది, తడిగుడ్డ ఎప్పుడూ నాది. వినీత ముందు నేను బలహీనపడితే ఏమీ పోదు, ఆమె నన్ను గట్టిగా ఉండగా చూడలేదు. నువ్వు చూశావు. యాభై దాటాక నువ్వు జీపు నడపడం నేర్చుకున్నావు. యాభై దాటాక నేను పొట్టలో సూది గుచ్చుకోవడం నేర్చుకున్నాను. ఈ రెండూ ఒకే ఏడు జరిగాయి. నువ్వు తాళాలు తిప్పుతూ మా ఇంట్లోకి వచ్చిన రోజు, నేను లోపలికి పోయి తలుపేసుకొని ఏడ్చి, మొహం కడుక్కొని కాఫీ కలిపాను. బాగుంది కాఫీ అన్నావు. నీ మీద అంత ఓర్వలేనితనం పెట్టుకొని నీకు జబ్బు సంగతి ఎలా చెప్పను?

వినీతకు ఫోన్ చేశాను. నోరు జారానక్కా అని ఏడ్చింది. నా సంగతి నీకు చెప్పనందుకు మెచ్చుకొని, కావాలని చేశానన్నందుకు తిట్టాను. రెండూ చేశాక మనసు తేలికపడింది. అయినా ఒక మాట ముందే చెబుతున్నా, ఈసారి బండిలో ఆమె ఉండకూడదు. వెనక సీట్లో కూడా. ఆమెకు తోడు కావాలంటే మీ ఆయనను ఊరు చూపించమను.

వచ్చే ఆదివారం బండి తీసుకొని రా. హారన్ గట్టిగా కొట్టు, వీధి అంతా వినాలి. ఫ్రిజ్జును ఇంట్లోనే చల్లబరిచి తెచ్చుకో, మందు మాత్రం నా చేత్తో నేనే పెడతాను. నాకూ కొంచెం స్టీరింగ్ ఇవ్వాలి, తోట లోపలైనా సరే. నువ్వు వెనక సీటు పట్టుకొని పరుగెత్తాల్సిన పని లేదులే. పసుపు తెస్తాను. పైననే పూస్తాను, ఒట్టు.

కొండ నెమ్మదిగా ఎక్కుదాం. మధ్యలో నేను కూర్చుంటే ఏమైంది ఏమైంది అని అడగొద్దు, నువ్వూ కూర్చో.

రాత్రి అన్నానికి ముందు సూది వేసుకోవాలి. ఆ సమయంలో నువ్వు అటు తిరుగు అని పైన ఒక చోట రాసి కొట్టేశాను, చూసే ఉంటావు. తిరగొద్దు. వినీత చూసింది కదా. నువ్వూ చూడు.

నీ హేమ